తెరవేల్పు

గుండె ఎక్కడుంటుందని ఈ రోజుల్లో ఎవరినైనా అడిగి చూడండి. ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకునేవాడు పాతకాలం మనిషి. కాస్త లోకజ్ఞానం ఉన్నవాడైతే మంచం తలాపు వైపు చూపిస్తాడు. అక్కడ గోడకి బిగించిన ఇనప చెయ్యి మీద, 15 అంగుళాల పెట్టెలో ఉంటుంది గుండె. పచ్చగా ఉంటుంది, ఎడమ నించి కుడికి పరిగెడుతుంది, కుయ్యికుయ్యిమంటుంది. దాని కింద రోగి అని ఒకడు పడుకుని ఉంటాడు. వైర్లు తగిలించడానికి ఏదో ఒక వస్తువు ఉండాలిగదా, అందుకు.

పోయిన వేసవిలో మా మామయ్యని బెజవాడలో ఒక పెద్దాసుపత్రిలో చేర్చాం. పేరు చెప్పను, రేపు మళ్లీ వెళ్లాల్సినవాళ్లమే. మామయ్యకి 72. తెనాలి అవతల హైస్కూల్లో 34 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఒక తెల్లవారుజామున గుండెల మీద రుబ్బురోలు పెట్టినట్టుందన్నాడు, ఒళ్లంతా చెమటలు, కారులో వేసుకుని పరిగెత్తాం. స్టంటు వేశారు. డాక్టర్లు దాన్ని స్టెంటంటారు, మన జనం స్టంటంటారు. బిల్లు చూశాక జనం ఉచ్చారణే సరైందనిపించింది.

తర్వాత మూడు రోజులు ఐసీసీయూ. చెప్పులు బయట విడవాలి. దర్శనం వేళలు పొద్దున 11కి పది నిమిషాలు, సాయంత్రం 5కి పది నిమిషాలు. పాసుకి ఒక్కరే. గాజు తలుపు అవతల చల్లటి గర్భగుడి, అందులో మంచానికో అఖండదీపం. లోపలికెళ్లి వచ్చిన చుట్టాలంతా మెట్ల దగ్గర చేరి దర్శనఫలం చెప్పుకునేవాళ్లు. "నేను చూసినప్పుడు 82 ఉందక్కా." "నాకు 79 కనపడింది." "కింద నీలం రంగుది 96, తెల్లది 18. తెల్లది ఏంటో మరి." బంగారం రేటు చెప్పుకుంటున్నట్టే ఉంది. ఇంతకీ మనిషెలా ఉన్నాడు పిన్నీ అంటే మా పిన్ని కాసేపు ఆలోచించింది. "మొహం సరిగ్గా చూళ్లేదురా, టైమైపోయిందని పంపించేశారు" అంది.

రెండో రోజు సాయంత్రం అత్తయ్య వంతు. వాచ్‌మన్‌ని బతిమాలుకుని నేనూ వెనకాలే దూరాను. మామయ్య కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఒంటి మీద మూడు స్టిక్కర్లు, మూడు వైర్లు: కుడి భుజం కింద ఎరుపు, ఎడమ భుజం కింద పసుపు, పొట్టకి ఎడమ పక్క ఆకుపచ్చ. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నలు తెచ్చి మనిషికి అతికించినట్టుంది. ఛాతీ మీద వెంట్రుకలు గీకి అంటించాలట, హడావుడిలో గీకలేదు. మామయ్య ఎడమ పక్కకి ఒత్తిగిల్లాడు. పసుపు స్టిక్కరు టప్పున ఊడింది. తెర మీద పచ్చగీత చాపలాగా పరుచుకుంది. అలారం కేకేసింది.

అత్తయ్య అలారాన్ని మించి కేకేసింది. ఎందుకైనా మంచిదని పక్క మంచం ఆవిడ కూడా అందుకుంది. నేనేం తక్కువ తినలేదు, మామయ్య వైపు కన్నెత్తి చూడకుండా గీత వైపే చూస్తూ గుడ్లనీళ్లు కుక్కుకుంటున్నాను. ఇంతలో మామయ్య కళ్లు తెరిచాడు.

"ఎవరే పోయింది?"

అత్తయ్య ఏడుపు ఆగలేదు. ఎలా ఆగుతుంది? మనిషేమో మాట్లాడుతున్నాడు, గీతేమో లేవట్లేదు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ రెండు క్షణాల్లో ఆవిడ ఓటు గీతకే పడిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. సిస్టరొచ్చింది. పరిగెత్తి రాలేదు, నడిచొచ్చింది. ముందు తెర మీద మీట నొక్కి అలారం నోరు మూసింది, ఆ తర్వాత స్టిక్కరు వెతికి అరచేత్తో గట్టిగా అదిమింది. "స్టిక్కరు ఊడిందమ్మా, ఏం కాలేదు." గీత మళ్లీ గంతులేసింది. అత్తయ్య రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. మామయ్య తనకేననుకుని "చాల్లే, ఊరుకో" అన్నాడు. పాపం, ఆవిడ చూపు ఆయన తలకి రెండడుగుల పైన ఉంది.

ఇది చదువులేని భక్తి అనుకునేరు. డిగ్రీలున్న భక్తులు ఇంకా ఘోరం. అంచేత ఈ దేవుడి స్థలపురాణం కాస్త చెప్పుకోవాలి.

1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ అనే ఆయన గుండెలో పుట్టే కరెంటుని, ఒళ్లు కొయ్యకుండా పైపై నించే మొట్టమొదట పట్టుకున్నాడు. ఆయన జిమ్మీ అనే బుల్‌డాగుని వెంటబెట్టుకుని, దాని కాళ్లు ఉప్పునీళ్లలో పెట్టించి సభల్లో ప్రదర్శనలు ఇచ్చేవాడు. ఇది మూగజీవాన్ని హింసించడం కాదా అని 1909లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న కూడా లేచింది. వెంట్రుకల మీద స్టిక్కరంటించి పూటకోసారి పీకితే హింస కాదా అని మా మామయ్య తరఫున లేచి అడిగే సభ్యుడు మాత్రం ఇంకా పుట్టలేదు.

ఆ తర్వాత హాలండులో, లైడెన్ ఊళ్లో ఐంట్‌హోవెన్ అనే ఆయన. వెండిపూత పూసిన సన్నటి క్వార్ట్జ్ తీగ, రెండు పెద్ద అయస్కాంతాల మధ్య. యంత్రం బరువు సుమారు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు మనుషులు. రోగి రెండు చేతులూ ఎడమ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టుకుని కూచోవాలి. యంత్రాన్ని కదపలేరు, రోగిని మొయ్యలేరు, అందుకని 1905లో ఆసుపత్రి నించి కిలోమీటరున్నర దూరంలో ఉన్న తన ప్రయోగశాలకి టెలిఫోను తీగ వేయించి దాని మీదుగా గుండె గీత తెప్పించుకున్నాడు. గీతలోని ఎత్తుపల్లాలకి పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని ఈనాటికీ మనం పిలిచే పేర్లు ఆయన పెట్టినవే. 1924లో నోబెల్ ఇచ్చారు. గమనించారో లేదో, ఇంత కథలోనూ తెర లేదు. గీత ఫోటో ప్లేటు మీద పడేది. దాన్ని కడిగి, ఆరబెట్టి, కళ్లజోడు పెట్టుకుని చదివేవాళ్లు. ఒక రోగికి ఐదుగురు మనుషులు. ఇప్పుడు యంత్రం జేబులో పట్టేంతకి తగ్గింది, దాంతోపాటే మనుషులూ తగ్గారు. మామయ్య ఉన్న హాల్లో రాత్రి పూట ఎనిమిది మంచాలకి ఒకే సిస్టరు.

తెర వచ్చింది 1952 ప్రాంతంలో, అమెరికాలో. ఆపరేషను జరుగుతున్నంతసేపూ గుండె గీత కనపడుతూ ఉండాలని హిమెల్‌స్టైన్, షైనర్ అనే ఇద్దరు కార్డియోటాకోస్కోప్ అనే పెట్టె ఒకటి చేశారు. అప్పటి తెరల్లో పచ్చటి చుక్క ఒకటి తోకచుక్కలాగా తోక ఈడ్చుకుంటూ పోయి, వెనకాలే ఆరిపోయేది. అసలు ప్రతిష్ఠ జరిగింది 1962 మే నెలలో, కాన్సాస్ సిటీలో, బెథనీ ఆసుపత్రిలో. హ్యూస్ డే అనే డాక్టరు గుండెపోటు రోగుల్ని ఒక్క చోట చేర్చి దానికి కరొనరీ కేర్ యూనిట్ అని పేరు పెట్టాడు. గుండెపోటు వచ్చిన మొదటి రోజుల్లో గుండె ఉన్నట్టుండి లయ తప్పి గిలగిల్లాడుతుంది. షాకు ఇస్తే బతుకుతాడు, కానీ నిమిషాల్లో ఇవ్వాలి. పెద్ద వార్డులో మూలమంచం మీద ఎవరి గుండె ఎప్పుడు గిలగిల్లాడిందో తెల్లారి టీ ఇవ్వడానికెళ్తే గానీ తెలిసేది కాదు. అంచేత తెర పెట్టారు. తెర పెట్టి వదిలెయ్యలేదు, దాని పక్కన కళ్లు నిలబెట్టారు. ఫిలడెల్ఫియాలో మెల్ట్‌జర్ అనే డాక్టరు నర్సులకి గీత చదవడం నేర్పి, డాక్టరు కోసం ఎదురుచూడకుండా మీరే షాకు ఇవ్వండి అని అధికారం కూడా ఇచ్చాడు. ఆసుపత్రిలో చేరిన గుండెపోటు రోగుల్లో నూటికి 30 మంది దాకా చనిపోయే చోట ఆ సంఖ్య సుమారు సగానికి దిగింది.

ఈ పుణ్యంలో తెర వాటా ఎంత, తెర ముందు నిలబడ్డ నర్సు వాటా ఎంత అన్నది పంచుకోవాల్సిన ఆస్తి. మనం పంపకం ఎలా చేసుకున్నామంటే, తెరని దిగుమతి చేసుకున్నాం. నర్సు కస్టమ్స్ దగ్గర ఆగిపోయింది.

పోనీ తెర చెప్పేదేంటో చూద్దాం. అది చెప్పేది కరెంటు సంగతి. గుండెలో కరెంటు ఏ దారిన, ఎంత సేపట్లో, ఎంత సవ్యంగా పోతోందో చెప్తుంది. ఆ కరెంటుకి కండరం కదిలిందా, కదిలితే రక్తం వొంట్లోకి వెళ్లిందా అన్నది పచ్చగీతకి తెలియదు. తెర మీద గీత చక్కగా నడుస్తూనే ఉండి, మణికట్టు దగ్గర నాడి లేని స్థితి ఒకటుంది. పల్స్‌లెస్ ఎలక్ట్రికల్ యాక్టివిటీ అంటారు. వైద్యశాస్త్రం లెక్కలో ఆ మనిషి గుండె ఆగిపోయినట్టే, వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. తెర లెక్కలో మాత్రం నిమిషానికి 70, భేషుగ్గా ఉన్నాడు. స్టార్టరు డబ్బా మీద పచ్చలైటు వెలుగుతోంది కాబట్టి పొలం తడిసిందని ఇంట్లో కూచునే రైతుని నేను ఎక్కడా చూళ్లేదు. బోరులో నీళ్లున్నాయో, ఫుట్‌వాల్వు జారిందో, గట్టు దాకా వెళ్లి గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు. మెడ మీద రెండు వేళ్లు పెట్టి చూడడం సరిగ్గా ఆ పనే. దానికి ఏడేళ్ల చదువు చదివినవాళ్లకి తీరిక దొరకదు.

పైగా ఆ గీతకి మేకప్ ఒకటి. మంచం పక్కన మానిటర్లో గీత వణక్కుండా ముచ్చటగా కనపడాలని కింది పౌనఃపున్యాలు, పై పౌనఃపున్యాలు కత్తిరించేస్తారు, సాధారణంగా 0.5 నించి 40 హెర్ట్జ్ దాకానే ఉంచుతారు. కాగితం మీద తీసే అసలు ఈసీజీకి 0.05 నించి 150 దాకా కావాలి. ఈ కత్తిరింపులో గుండెపోటుని పట్టిచ్చే ఎస్టీ భాగం వంకర పోవచ్చు, ఉన్న వంకర మాయమూ కావచ్చు. అంటే మానిటర్లో గీత స్టూడియోలో దిగిన పెళ్లిచూపుల ఫోటో, కాగితం మీద ఈసీజీ ఆధార్ కార్డు ఫోటో. సంబంధం ఏది చూసి ఖాయం చేసుకోవాలో మీ ఇష్టం. గుండెనొప్పని వచ్చినవాడికి పది నిమిషాల్లోపు 12 లీడ్ల, అంటే 12 కోణాల, కాగితం ఈసీజీ తియ్యాలని వైద్యులు నియమం పెట్టుకున్నది ఊరికే కాదు. కానీ కాగితం ఈసీజీకి వెలుగూ లేదు, పాటా లేదు. చుట్టాలు దాన్ని చూసి నమస్కారం పెట్టరు.

నమస్కారం పెట్టడం మనకి నేర్పింది సినిమా. మన సినిమాల్లో హృద్రోగ నిపుణులు ఇద్దరే, దర్శకుడూ ఎడిటరూను. గీత పడుకుంటుంది, "టీ..." అని పొడుగ్గా మోత, డాక్టరు కళ్లజోడు తీస్తాడు, హీరోయిన్ కన్నీటిబొట్టు హీరో చేతి మీద పడుతుంది, గీత టక్కున లేస్తుంది. నిర్మాత ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే షాకు ఇస్తారు. రెండు ఇస్త్రీపెట్టెలు ఒకదాంతో ఒకటి రుద్ది ఛాతీ మీద ఆనిస్తే మనిషి మంచం మీద నించి జానెడు లేస్తాడు. చాపలా పరుచుకున్న గీతకి షాకు పనికిరాదని, అప్పుడు చెయ్యాల్సింది ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం అని మెడికల్ కాలేజీలో చెప్పే పాఠం. షాకు పని గిలగిల్లాడే గుండెని ఒక్కసారి ఆపడం. ఆపితే తనంతట తాను సవ్యంగా మొదలుపెడుతుందని ఆశ. మామయ్యకి ఇది చెప్తే వెంటనే పట్టేశాడు. "అల్లరి క్లాసులో డస్టరుతో బల్ల మీద ఒక్కటిస్తే అందరూ నోరు మూస్తారు, అదేగా? క్లాసులో పిల్లలే లేనప్పుడు బల్ల బాదితే ఏమొస్తుందిరా?" అన్నాడు. 34 ఏళ్ల అనుభవం.

ఇప్పుడు ఆ పచ్చగీత ఎక్కడ లేదు? మందుల షాపు బోర్డు మీద, అంబులెన్సు డొక్క మీద, మంత్రిగారు ఆసుపత్రిలో చేరితే న్యూస్ ఛానల్ యాంకరమ్మ వెనకాల. ఆ మధ్య ఒక కుర్రాడి మోచేతి మీద పచ్చబొట్టు చూశాను, గుండె గీత మధ్యలోంచి ప్రియురాలి పేరు వచ్చేలా పొడిపించుకున్నాడు. అది నిజం ఈసీజీ అయితే అబ్బాయిని తక్షణం అడ్మిట్ చెయ్యాలి.

మూడో రోజు పొద్దున మామయ్య తెరతో నేరుగా తలపడ్డాడు. నేను లోపలికి వెళ్లేసరికి పచ్చ అంకె 148 చూపిస్తూ అలారం కొట్టుకుంటోంది. డ్యూటీ డాక్టరు కుర్రాడు, నిద్రలేని కళ్లు, తెర చూస్తూనే సిస్టర్‌కి ఏదో ఇంజక్షను పేరు చెప్తున్నాడు. మామయ్య మాత్రం కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీద వేసుకుని గోడ గడియారం చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. జపం చేసుకుంటున్నాడేమో అనుకున్నాను. నిమిషం నిండాక తల తిప్పాడు.

"డాక్టరుగారూ, నాకు 74 వచ్చిందండీ."

"మానిటర్లో 148 ఉంది సార్."

"చూశాను. సరిగ్గా రెట్టింపు ఎందుకొచ్చిందో ఒక్కసారి ఆలోచిస్తారా? అదే బోర్డు మీద కింద నీలంలో 74 అనే ఉంది."

నీలం అంకె వేలికి తగిలించిన క్లిప్పుది, నాడి లెక్కపెట్టి చెప్పేది. ఒకే తెర మీద ఒకే మనిషికి రెండు గుండెల లెక్క రాసి ఉంటే ఎవరికీ అనుమానం రాలేదు. కుర్రాడు ఆగాడు. గీతలో టీ అల బాగా ఎత్తుగా ఉంది, యంత్రం దాన్ని కూడా ఇంకో కొట్టుకోవడం కింద జమకట్టేసింది. లీడు మార్చాడు, అంకె 74కి దిగింది. ఇంజక్షను ట్రేలోనే ఉండిపోయింది. ఆ అబ్బాయిని మెచ్చుకోవాలి, చిన్నబుచ్చుకోకుండా నవ్వేసి, పొద్దున తీసిన కాగితం ఈసీజీ తెచ్చి మామయ్య చేతిలో పెట్టాడు. గ్రాఫు కాగితం చూసి మాస్టారి మొహం మతాబులా వెలిగింది. చిన్న గడి 0.04 సెకను, ఐదు చిన్న గళ్లు ఒక పెద్ద గడి, 300ని పెద్ద గళ్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని కొట్టుకుంటోందో వస్తుంది. శిఖరానికీ శిఖరానికీ మధ్య నాలుగు పెద్ద గళ్లు. "75" అన్నాడు మామయ్య. "తేడా ఒకటి. క్షమించొచ్చు."

పేస్‌మేకరు ఉన్నవాళ్ల విషయంలో ఈ జమాఖర్చు ఇంకా ప్రమాదం. గుండె పూర్తిగా ఆగిపోయినా పేస్‌మేకరు తన చిటికెలు తాను వేస్తూనే ఉంటుంది, ఆ చిటికెల్నే యంత్రం గుండె చప్పుళ్లుగా లెక్కేసుకుని నోరు మెదపకపోవచ్చు. ఇంకో పక్క పడుకుని పళ్లు తోముకుంటే ఆ చెయ్యి ఊపుకి ప్రాణాంతకమైన లయ తప్పిందని గోల చేస్తుంది. అరవాల్సినప్పుడు అరవదు, టూత్‌పేస్టుకి అరుస్తుంది. మా ఊళ్లో ఇలాంటి కుక్కని ఎవరూ పెంచుకోరు.

దీని లెక్కలు తీసినవాళ్లున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆసుపత్రిలో ఐదు ఐసీయూల్లో 77 మంచాలు, 461 మంది రోగులు, 31 రోజులు. తెరలు పుట్టించిన హెచ్చరికలు 25,58,760. అందులో చెవికి వినపడేవే మంచానికి రోజుకి 187. లయ తప్పిందంటూ మోగిన 12,671 అలారాల్ని ఒక్కొక్కటిగా పరిశీలిస్తే 88.8 శాతం ఉత్తవే. ఇది 2014లో అచ్చయింది. అంతకుముందు ఏడాదే, అక్కడి ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ ఒక హెచ్చరిక విడుదల చేసింది: 2009 జనవరి నించి 2012 జూన్ దాకా తమకి తెలియవచ్చిన అలారం ప్రమాదాలు 98, అందులో 80 చావులు. మోగనందుకు కొన్ని, మోగినా ఎవరూ పలకనందుకు కొన్ని. "నాన్నా పులి" కథ మనం ఒకటో తరగతిలో చదివాం. అందులో అరిచింది ఒక్క కుర్రాడే, అదీ రెండే రెండుసార్లు అబద్ధమాడాడు. వాడి మీద మనం అనవసరంగా కోపం పెట్టుకున్నాం.

మామయ్య హాల్లో రాత్రి పూట ఉండే సిస్టరుది నర్సీపట్నం వైపు. ఇన్ని అలారాల మధ్య ఎలా ఉంటావమ్మా అని అడిగితే, "అన్నీ అరుస్తానే ఉంటాయి సార్. ఇంటికెళ్లి కుక్కర్ కూతేసినా మీట నొక్కడానికి చెయ్యి లేస్తాది" అంది. ఆ రాత్రే ఏడో నెంబరు మంచం మీద ఒకాయన గీత నిజంగానే పిచ్చిగీతలైంది. అప్పటికి హాల్లో ఇంకో మూడు అలారాలు మోగుతున్నాయి. ఇంజక్షను ట్రే పట్టుకుని పోతున్న ఈ అమ్మాయి తెర చూసి ఆగింది, తెర మీంచి ఆయన మొహం వైపు చూసింది. మొహం చూశాకే ట్రే వదిలేసింది. గాజు తలుపు ఇవతల నించి నేను చూస్తున్నాను. మంచం మీదకెక్కి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది, డ్యూటీ డాక్టరు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు, షాకు ఇచ్చారు. సినిమాలో లాగా జానెడు లేవలేదు, భుజాలు కాస్త కదిలాయంతే. ఏడో నెంబరాయన బతికాడు. పొద్దున్నే ఆయన కొడుకు కొబ్బరికాయ తెచ్చి, మానిటర్ తయారుచేసిన కంపెనీ చాలా గట్టిదటండీ అని నాతో చెప్పాడు. సిస్టరప్పటికి డ్యూటీ దిగి బస్టాండుకి వెళ్లిపోయింది.

డిశ్చార్జి రోజున బిల్లిచ్చారు. మల్టీపారా మానిటర్ ఛార్జీ రోజుకింత, విడిగా. నర్సింగ్ ఛార్జీ అంతకన్నా తక్కువ. ఈసీజీ స్టిక్కర్లు 30. "నా ఒంటి మీద అంటించినవి 11" అన్నాడు మామయ్య, ఆయన లెక్కపెట్టకుండా ఏదీ వదలడు. 2003లో 'ఠాగూర్' సినిమాలో శవానికి వైద్యం చేసి బిల్లు లాగే ఘట్టం చూసి జనం ఈలలేశారు. పచ్చగీతని అంతగా నమ్మే జనమే బిల్లు దగ్గరికొచ్చేసరికి ఆ సీనుని నమ్ముతారు, ఆ రెండు నమ్మకాలకీ పేచీ ఉండదు. కౌంటర్లో అబ్బాయి ముందు కూడా ఒక తెర ఉంది. కాస్త ఇటు తిప్పు నాయనా, చూస్తానన్నాడు మామయ్య. ఆసుపత్రి మొత్తం మీద మన వైపు తిప్పని తెర అదొక్కటే.

ఇంటికొచ్చేసరికి ఇంకో తెర ఎదురొచ్చింది. మా బావ, అంటే మామయ్య కొడుకు, డల్లాస్‌లో ఉంటాడు. మనిషి రాలేకపోయాడు, వచ్చేవాళ్లతో వాచీ పంపించాడు. మణికట్టు మీదే ఈసీజీ తీసే వాచీలు 2018 నించి అమెరికాలో అనుమతితో అమ్ముతున్నారు. 1940ల్లో మోంటానాలో నార్మన్ హోల్టర్ అనే ఆయన కదిలే మనిషి గుండె గీత తియ్యడానికి 38 కిలోల రేడియో పెట్టె వీపున కట్టుకున్నాడు. ఇప్పుడది పెసరగింజంత. ఒప్పుకోవాల్సిందే, ఉండీ ఉండీ లయ తప్పే గుండెని పట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ ఆసుపత్రిలో 12 లీడ్లు చూసేదాన్ని ఇది ఒక్క లీడుతో చూస్తుంది. ఇది గుండెపోటుని కనిపెట్టదు అని తయారుచేసినవాళ్లే చిన్నక్షరాల్లో రాసుకుంటారు. చిన్నక్షరాలు చదవడానికి మామయ్య కళ్లజోడు సరిపోదు, బావకి తీరిక సరిపోదు.

వాచీ అంకెలు డల్లాస్‌లో బావ ఫోనుకి చేరేలా ఏర్పాటు చేసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఫోను మోగింది. "అమ్మా, రెండూ నలభైకి నాన్నకి 104 ఎందుకెళ్లింది?" "బాత్రూముకెళ్లారు నాయనా." "మరి మూడింటికి 98?" "నువ్వెప్పుడు ఫోను చేస్తావోనని మేలుకుని ఉన్నారు." డల్లాస్‌కి నాన్న గుండె కనపడుతుంది, సెకను తేడా లేకుండా. నాన్న కనపడి మూడేళ్లయింది. నాలుగో రోజుకల్లా మామయ్య వాచీ తీసి మేకుకి తగిలించాడు. వెంటనే ఫోనొచ్చింది, నాడి అందట్లేదని. మేకుకి నాడి ఉండదురా అన్నాడు మామయ్య.

ఆ రాత్రి నేను వాళ్లింట్లోనే వరండాలో పడుకున్నాను. ఎంతైందో ఏమో, లోపల గదిలో అలికిడైతే కిటికీలోంచి చూశాను. కరెంటు లేదు. అత్తయ్య చీకట్లో మామయ్య మీదికి వంగి, అరచెయ్యి ఆయన గుండెల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. కాసేపటికి మామయ్య గొంతు వినిపించింది.

"ఏంటే, పోయాననుకున్నావా?"

"కాదులెండి" అంది అత్తయ్య. "స్టిక్కరు ఊడిందేమోనని."